గుడివాడలో ఉండిపోయిన పెట్టె

ముఖం కదపకూడదు. వేషానికి పూసిన అర్దళం ఆరేదాకా నవ్వకూడదు, మూతి తిప్పకూడదు, ఎవరైనా పలకరిస్తే ముక్కుతో ఊఁ అనాలే గాని నోరు తెరవకూడదు. తెరిస్తే బుగ్గల మీది పచ్చటి పూత కాలవలు కట్టేశాక ఎండిపోయిన పంటబోదెలా బీటలు తీస్తుంది, మళ్ళీ కడిగి మళ్ళీ మొదటి నుంచి పుయ్యాలి. రోజు మొత్తానికి ఈ ఒక్క గంటే మీరు మాట్లాడకుండా ఉండేది అంటుంది శౌరమ్మ, నా జడలూ చీరలూ చూసే మనిషి. ఆవిడకి ఈ గంటంటే మహా ఇష్టం, తను చెప్పదలుచుకున్నవన్నీ ఇప్పుడే చెబుతుంది. ఇవాళ మాత్రం ఆవిడా మాట్లాడటం లేదు, తాటాకు విసనకర్ర విసురుతూ కిటికీ వంక చూస్తోంది. కిటికీలోంచి ఎండ. రంగు వేసుకున్న ముఖం మీద ఎండ పడటం నా జన్మలో ఇదే మొదలు. జపానువాడు కాకినాడ మీద బాంబు వేసిన దగ్గర్నుంచి రాత్రిళ్ళు బెజవాడలో దీపాలకి ముసుగులు, పెట్రొమాక్సు వెలిగిస్తే పోలీసులు, అంచేత కాంట్రాక్టరు వెంకటకృష్ణారావుగారు నాటకాన్ని పట్టపగలు పెట్టారు. మధ్యాహ్నం ఇంట్లో నిద్రపోయేవాళ్ళు హాల్లో నిద్రపోతారు, అంతేగదండీ తేడా, అన్నారాయన. నిద్రపోవటానికి వచ్చినవాళ్ళలా లేరు. జనం ఉడికిపోకుండా రెండు పక్కలా తలుపులు బార్లా తీశారు, ఆ తలుపుల్లో కూడా నిలబడ్డారు. ఇరవై ఏళ్ళ పాటు నా ముఖం మీదే వెలుతురు ఉండేది, అవతలంతా చీకటి, ఆ చీకట్లోంచి చప్పట్లు వచ్చేవి. ఇవాళ వాళ్ళు నాకు కనబడతారు. నేను వాళ్ళకి కనబడతాను, పూత కింద ఉన్న నలభై దాటిన వయసుతో సహా. అది పెద్ద బాధ కాదు. హార్మోనియం మెట్ల మీద ఆదిశేషయ్యగారి వేళ్ళు కూడా కనబడతాయి.

గోడ అవతల రామతులసి పాడుతోంది. ఇవాళ్టి నాటకంలో అదీ నేనూ ఒకే మనిషిమి. కాంట్రాక్టు నాటకాల పద్ధతే అంత, పేరున్న వాళ్ళనందరినీ నాలుగు ఊళ్ళ నుంచి పోగుచేసి ఒక్క పోస్టరు మీద ఎక్కించాలి, ఎవరికీ చిన్న వేషం ఇవ్వకూడదు, కథలో ఉన్నదేమో ఒక్క రాణి. అందుకని రాణిని రెండుగా కోస్తారు. తోటలో పూలు కోస్తూ రాజును వలచి పెళ్ళాడేదాకా ఒకటో హేమాంగి. సవతి పన్నాగంతో బిడ్డ ఏటి పాలయ్యాక గట్టు వెంట వెతుక్కుంటూ వచ్చేది రెండో హేమాంగి. ఒకటో హేమాంగి సన్నగా పొడుగ్గా ఉండి, రెండో హేమాంగి పొట్టిగా బొద్దుగా వచ్చినా కృష్ణా జిల్లాలో ఇంతవరకూ ఇదేమిటని అడిగినవాడు లేడు. పెళ్ళయి ఒక కాన్పయితే ఏ ఆడదైనా అంతేగదా అనుకుంటారో ఏమో. నేనూ ఒకప్పుడు ఒకటో హేమాంగినే, అప్పుడు రెండో హేమాంగి వేసినావిడ ఇలాగే గోడకి ఇవతల కూచుని నా పాట విని ఉంటుంది, ఆవిడ ఏమనుకునేదో నాకు అప్పట్లో తోచలేదు. రామతులసి గొంతు కొత్త ఇత్తడి బిందెలా మోగుతోంది. ఆరు శ్రుతికి పాడుతోంది, పాడుతూ చెమట కూడా తుడుచుకుంటోందని ఆ మధ్య మధ్య ఆగటంలో తెలుస్తోంది, అంత సులువు దానికి. బయట వాకిట్లో కట్టిన గుడ్డ మీద ఎర్రరంగుతో ఆరు శ్రుతి ఛాయాదేవి అని రాసి ఉంది. అది నేను.

శ్రుతి అంటే బ్రహ్మవిద్యేం కాదు, ఎంత ఎత్తున నిలబడి పాడతావన్నదే. హార్మోనియం మీద తెల్లమెట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్ళు, నీ గొంతు ఏ మెట్టు మీద కాళ్ళు చాపుకుని కూచోగలదో అదే నీ శ్రుతి. చాలామంది ఆడవాళ్ళకి ఐదు, అది గౌరవంగా బతికే శ్రుతి, ఎవరూ వేలెత్తి చూపించరు. ఆరంటే మైకు లేకుండా ఆఖరి బల్ల మీద కూచున్నవాడికి, ఆ వెనక బండి మీద కూచున్నవాడికి, బండి కింద పడుకున్న ఎద్దుకి కూడా వినపడుతుంది. నాకది ఎవరూ నేర్పింది కాదు. మా నాన్న పులిగడ్డ రేవులో పడవ నడిపేవాడు, మధ్యాహ్నం అన్నం వేళకి గట్టు మీద నిలబడి నాన్నా అని కేకేస్తే కృష్ణ అవతలి ఒడ్డున ఉన్న మనిషికి వినపడాలి, వినపడకపోతే అన్నం చల్లారిపోయిందని ఇంటికెళ్ళాక అమ్మ చేత నాకు దెబ్బలు. అప్పుడు నా పేరు బుల్లెమ్మ. ఆ కేక విని సాంబమూర్తిగారు పడవ దిగి వచ్చి మా అమ్మతో మాట్లాడారు. కూచిపూడి దగ్గరి మనిషి, జీవితమంతా ఆడవేషాలు వేసి మీసం అన్నది ఎరగనివాడు. ఆడది పమిట ఎలా సర్దుకుంటుందో, సిగ్గుపడితే కాలి బొటనవేలు ఎటు తిరుగుతుందో, బిడ్డ పోయిన తల్లి గట్టు మీద ఎలా నడుస్తుందో, అన్నీ నాకు ఆయనే నేర్పారు. ఇంట్లో అమ్మ నడక చూస్తే అదేమిటి ఈవిడ ఇలా నడుస్తోంది, ఆడదానిలా లేదే అనిపించేది. నాకు పిల్లలు పుట్టలేదు. ఏటిగట్టు పద్యానికి పిల్లలు అక్కర్లేదు, శ్రుతి చాలు. పెడనలో ఒకసారి నాటకమయ్యాక ఒక నేతగాళ్ళ ఇల్లాలు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, నీకెంతమంది పోయారమ్మా అని అడిగింది. ఒక్కరూ పుట్టలేదమ్మా అన్నాను. ఆవిడ నమ్మలేదు. దాచుకుంటున్నాననుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. నేను పక్కకి చూస్తూ నిలబడ్డాను, ఏం చెయ్యాలో సాంబమూర్తిగారు నేర్పలేదు.

పెడనలోనే గదూ ఆదిశేషయ్యగారి ఇల్లు. వాళ్ళదీ మగ్గమే. చిన్నతనమంతా మగ్గం గుంటలో కూచుని కాళ్ళతో తొక్కుడు చెక్కలు తొక్కిన మనిషి, అందుకే కాళ్ళ హార్మోనియం ఎదురుగా కూచుంటే ఆయన కాళ్ళు వాటి పని అవి చేసుకుంటాయి, చేతులు వాటి పని చేసుకుంటాయి, తలకాయ ఎటో చూస్తూ ఉంటుంది. వేదిక కింద కుడిపక్కన ఆయన చోటు. బిళ్ళలు కుట్టిన కోటు వేసుకోడు, వేళ్ళకి ఉంగరాలు పెట్టడు, మిగతా హార్మోనిస్టుల్లాగా మధ్యలో సొంత విద్య చూపించి చప్పట్లు కొట్టించుకోడు. పద్యానికి తబలాతో పని లేదు, తాళం లేదు, ఆ పెట్టె ఒక్కటే తోడు, ఆయన మెట్టు నొక్కి శ్రుతి ఇస్తాడు, నేను ఎత్తుకుంటాను, నేను ఎటు పోతే అటు వస్తాడు, ఊపిరి అయిపోయే చోటు నాకంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ప్రతి నాటకానికీ ముందు గది గుమ్మం దాకా వచ్చి ఒకటే మాట, మీరు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడే ఉంటానండీ. అది నిజం కాదు, ఎక్కడ ఎత్తుకోవాలో చెప్పేది ఆయన పెట్టే. అయినా మర్యాదగా ఉంటుంది ఆ మాట. మా ఇద్దరి గురించి లోకం అనుకోవలసినవి అనుకుని, విసుగొచ్చి, మానేసింది కూడా. పెడనలో ఆయనకి భార్య ఉంది, నలుగురు పిల్లలు, పెద్దదాని పెళ్ళికి నేను వెళ్ళి పాడాను కూడా. ఇన్నేళ్ళలో ఆయన నా చెయ్యి ముట్టుకోలేదు. శ్రుతి ఇచ్చాడు.

కిందటేడు నాకు టైఫాయిడు వచ్చింది. మంచం మీద నుంచి లేచాక మొదటి నాటకం పామర్రులో. తెర వెనక నిలబడి శ్రుతి అందుకున్నాను, అందుకోగానే తెలిసిపోయింది. ఆరో మెట్టు నాకు నుదుటి మధ్యన తగులుతుంది, సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట, ఇరవై ఏళ్ళుగా అక్కడే తగిలింది. ఆ రోజు కనుబొమల కిందికి తగిలింది. వేదిక మీదికి వచ్చి పమిట సర్దుకుంటున్నట్టు వంగి చూశాను. ఆయన వేలు ఆరో మెట్టు మీదే ఉంది. చప్పుడేమో ఐదోది. ఇంటికొచ్చాక పడుకుని ఆలోచిస్తే విషయం అర్థమైంది. నేను జ్వరంలో ఉన్నప్పుడు ఆయన, పెట్టెలో ఎలకలు దూరాయండీ, రీడులు శుభ్రం చేయించుకొస్తానండీ అని చెప్పి తెనాలి వెళ్ళి చాలా రోజులు రాలేదు. మెట్టు కింద పలికే ఇత్తడి రేకే రీడు, దాని కొసన గీకితే శ్రుతి ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. పెట్టెలో ఉన్న ప్రతి రీడునీ మొదట్లో గీకించి మొత్తం పెట్టెనే ఒక మెట్టు కిందికి దింపుకొచ్చాడన్నమాట. ముందు వరసలో కూచునే మిగతా హార్మోనిస్టులు ఆయన వేలు చూస్తారు, వేలు ఆరు మీదే ఉంటుంది. వాకిట్లో గుడ్డ అబద్ధం కాదు, నా గొంతు పగలదు. అన్నిటికంటే గొప్ప విషయం, ఆ పెట్టెకి పాడే వాళ్ళందరూ నాతో పాటు ఒక మెట్టు దిగారు. రెండో రాజు వేసే రామకోటేశ్వరరావుగారు, ఈ మధ్య పొద్దున్నే పచ్చిపాలు తాగుతున్నానండీ, గొంతు ఎట్టా పలుకుతోందో చూశారా అని ఊరంతా చెప్పుకున్నారు, ఆ ఏడాది మా కంపెనీలో అందరూ పచ్చిపాలు తాగారు. పెట్టె మారిందా ఏమిటండీ అని ఒకడు వేళాకోళానికి అంటే ఆదిశేషయ్యగారు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నంత పని చేశారు. నేను ఏమీ ఎరగనట్టు వక్క కొరుకుతూ కూచున్నాను.

ఎందుకు అడగలేదు. మొదట కోపం వచ్చింది, చాలా కోపం. నా గొంతు పోయిందని నాకంటే ముందు ఈయన తేల్చేశాడా అని. జ్వరం మంచం పక్కన కూచుని నా మూలుగు విని శ్రుతి కట్టాడా. తర్వాత ఏడుపు వచ్చింది, శౌరమ్మ చూడకుండా వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఆ తర్వాత ఏమీ రాలేదు. పాడితే హాయిగా ఉంది, చప్పట్లు మునుపటిలాగే ఉన్నాయి, ఆటకి అడ్డం వచ్చి రాణిగారిని నిలబెట్టి పతకాలు గుచ్చేవాళ్ళు మునుపటిలాగే గుచ్చారు. చెబితే ఆయన ముఖం ఎలా మారుతుందో ఊహించుకున్నాను, ఆ ముఖం చూడబుద్ధి కాలేదు. ఆయన నాకు తెలియదనుకుంటున్నాడు, అలా అనుకోవటంలో ఆయనకో సంతోషం ఉంది, రహస్యంగా ఒకరి ఇంటి కప్పు నేసి వచ్చినవాడి సంతోషం. ఆ సంతోషం ఎందుకు పాడుచెయ్యాలి. అదొక నాటకం, చూసేవాళ్ళు లేని నాటకం, అందులో నా వేషం నేను బాగానే వేశాను. ఇంకో మాట కూడా ఉంది. అడిగితే అవునంటాడు. అవునన్నాక ఆ పెట్టెకి నేను పాడలేను.

గుడివాడ స్టేషనులో నిన్న పెట్టెని ఎక్కించలేదు. మిలటరీ సామాను వస్తోంది, బ్రేకువ్యానులో చోటు లేదన్నాడు గార్డు. కాలవల్లో నీళ్ళుంటే పడవ మీద వచ్చేది, ఎండాకాలం కాలవలు కట్టేశారు. కాళ్ళు మడిచి, దుప్పటి చుట్టి, తాళ్ళు కట్టిన పెట్టెని ప్లాట్‌ఫారం మీద మూటల మధ్య వదిలేసి బండి కదిలింది. ఆదిశేషయ్యగారు కిటికీలోంచి తల బయటికి పెట్టి అది కనుమరుగయ్యేదాకా చూశారు. బిడ్డని వదిలి వచ్చినట్టున్నారే అన్నారు వెంకటకృష్ణారావుగారు, బెజవాడలో హార్మోనియాలకి కరువా, గవర్నరుపేటలో సంగీతం మేష్టారి దగ్గర బ్రహ్మాండమైన పెట్టె ఉంది, జర్మనీ రీడులు, యుద్ధం ముందు కొన్నది, పట్టుకొస్తానుండండి. పట్టుకొచ్చారు. పొద్దున్నే గోడ అవతల ఆయన దాన్ని ముట్టుకుని చూశారు, ఒక్కసారే, ఆరో మెట్టు. నా నుదుటి మధ్యన తగిలింది. ఏడాది తర్వాత ఊరి నుంచి వచ్చిన చుట్టంలా అక్కడే, సరిగ్గా ఆ చోటే. గొంతులోనే చిన్నగా అందుకుని చూశాను, ఆలాపన వరకూ వచ్చింది. పద్యంలో నాయనా అన్న మొదటి మాట ఉంది, పైస్థాయిలో నిలబెట్టి ఊపిరి ఉన్నంతసేపూ లాగాలి. అక్కడికి వెళ్ళేసరికి పగిలింది. పాత చీర పిగిలినప్పుడు వచ్చే చప్పుడు. శౌరమ్మ అప్పుడు విని ఉంటుంది, అందుకే మాట్లాడటం లేదు.

గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. అద్దంలో తువ్వాలు కనబడింది, ఆ తువ్వాలు ఆయనది. రంగం మారుతోంది, అవతల హాస్యగాళ్ళు వచ్చినట్టున్నారు, పిల్లలు నవ్వుతున్నారు, ఆ కాస్త సందులో వచ్చాడు. మనిషి తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు.

"పెట్టె మనది కాదండీ," అన్నాడు.

ఊఁ అన్నాను.

"జర్మనీ రీడులు. కాస్త బిగువుగా ఉందండీ. మీకు... గొంతు ఎట్టా ఉంది?"

నేను చెయ్యి ఊపాను, ఎప్పటిలాగే అన్నట్టు. ఇంతకంటే దగ్గరికి రాలేడు పాపం. వచ్చి ఉన్నాడు, తలుపు దాకా వచ్చాడు, ఒక్క మాట అంటే చాలు. అమ్మా, ఏడాదిగా మీరు పాడుతోంది ఐదుకి, ఇవాళ కూడా ఐదే వేస్తాను అనాలి. అంటే ఏడాది పాటు చేసిన ఉపకారమంతా మోసమని తేలుతుంది, అదీ వేషం వేసుకుని కూచున్న మనిషి ముఖం మీద. అనకుండా తనంతట తను ఐదో మెట్టు నొక్కుదామంటే, ఎదురుగా ముందు వరసలో ఇద్దరు హార్మోనిస్టులు, పక్కనే మేష్టారు, పైన మధ్యాహ్నపు ఎండ. ఆరు శ్రుతి ఛాయాదేవికి ఆరు ఇవ్వకుండా ఐదు ఇచ్చినవాడు ఆదిశేషయ్యే అని రేపు బందరు దాకా పోతుంది. నా పేరు తన వేలితో తను దింపడు. నేను అడిగితే తప్ప దింపడు. నేను అడగాలంటే ఏడాదిగా నాకు తెలుసునని చెప్పాలి. శౌరమ్మ విసనకర్ర ఆపింది. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు.

"అల్లం ముక్క ఏమైనా తెప్పించమంటారా?"

అడ్డంగా తల ఊపాను. బుగ్గ మీద ఒకచోట పూత చిటికెడు చిట్లింది.

"సరేనండి. మీరు ఎక్కడ ఎత్తుకుంటే అక్కడే ఉంటానండీ," అని వెళ్ళిపోయాడు.

శౌరమ్మ వేలికి కాస్త పూత అద్దుకుని చిట్లిన చోట రాసింది. కొండపల్లి బొమ్మలకి కళ్ళు ఆఖర్న వేస్తారట, కళ్ళు పెట్టేదాకా అది కర్ర, పెట్టాక ఇటు చూస్తుంది. నాకూ అంతే, కాటుక ఆఖర్న. ఆ తర్వాత నేను హేమాంగిని, ఛాయాదేవి గొడవలు నాకు పట్టవు, ఇన్నేళ్ళుగా అలాగే అనుకుంటూ వచ్చాను. ఇవాళ కాటుక పెట్టాక కూడా ఛాయాదేవే అద్దంలో నుంచి చూస్తోంది. ఏం పోతుంది, ఒక మెట్టు. గుడ్డ మీద ఒక అంకె. అంకె మారితే బండ్లు కట్టుకుని దివిసీమ నుంచి వచ్చేవాళ్ళు రారా? కొందరు రారు. కోతలు ఆపి వచ్చిన రైతులు వాళ్ళ కూతుళ్ళకి హేమాంగి అని పేరు పెట్టుకున్నారు, వాళ్ళు పెట్టుకున్నది ఆరు శ్రుతి చూసి కాదని ఎవరు చెప్పొచ్చారు. కాంట్రాక్టరు వచ్చే నెల పోస్టరు మీద పేర్లు కిందికీ మీదికీ జరుపుతాడు, ఆయన జరుపుతాడని నాకు తెలుసు, నన్ను పైకి జరిపినప్పుడు ఎవరినో కిందికి జరిపాడు. భయంగా ఉందా అంటే ఉంది. అబద్ధమెందుకు. ఆరుకి పాడి నాయనా దగ్గర పగిలితే, అది వెలుతురులో పగులుతుంది, జనం ముఖాలు మారటం చూస్తూ పగులుతుంది, వాళ్ళు నామీద జాలిపడతారు, ఆయన తల వంచుకుని మెట్ల మీదే కళ్ళు పెట్టుకుంటాడు, తనే నన్ను చంపానని చచ్చేదాకా అనుకుంటాడు. ఒంట్లో బాగాలేదని పడుకుంటే? రామతులసి రెండో హేమాంగి కూడా వేస్తుంది, దానికి పద్యం వచ్చు, తెరచాటున నిలబడి నేర్చుకుంది, నేనూ అలాగే నేర్చుకున్నాను.

అదిగో వచ్చింది, పెళ్ళి ముగిసింది, చప్పట్ల మధ్యలోంచి పూలదండతోనే లోపలికి పరిగెత్తుకొచ్చింది, చెమటకి పూత కారిపోయి మెడ మీద పచ్చటి చారలు.

"అక్కయ్యగారూ, ఆ పెట్టె ఎంత బాగుందండీ! ఆరు ఇస్తే గంటలా మోగుతోంది. మన పెట్టె మీద అంత మోగదేం?" అంది ఆయాసపడుతూ, నా కాళ్ళకి దణ్ణం పెట్టి.

దానికీ చెవి ఉంది. మోగదేం అని అడిగింది గాని ఎందుకో ఆలోచించలేదు, ఇరవై రెండేళ్ళకి ఎందుకు ఆలోచిస్తుంది. పూత ఆరింది, ఇప్పుడు నోరు తెరవొచ్చు. నువ్వు బాగా పాడావే అన్నాను. నిజమే అన్నాను. అది దండ తీసి శౌరమ్మ చేతికిచ్చింది, శౌరమ్మ ఆ దండని నా జడలో తురమబోయి ఆగింది. బిడ్డ పోయిన రాణికి పూలు ఉండవు.

తెర పక్క నిలబడ్డాను. ఇక్కడి నుంచి హాలు ఒక ముక్క కనబడుతుంది. నేను చూడలేదే ఇన్నేళ్ళూ వీళ్ళని. ఒకాయన విసనకర్రతో పక్కవాడి మనవడికి విసురుతున్నాడు. ఆడవాళ్ళ వైపు ఒక ముసలమ్మ కొంగుతో ముందే కళ్ళు తుడుచుకుని సిద్ధంగా కూచుంది, పద్యం ఎప్పుడొస్తుందో ఆవిడకి తెలుసు. పిల్లలు పాలు తాగుతున్నారు. బాంబుల భయానికి కాకినాడ నుంచి వచ్చినవాళ్ళు కాబోలు, ఒక కుటుంబం మూటలతో సహా గోడవారన కూచుంది. వీళ్ళంతా ఇంత మామూలు మనుషులా. చీకట్లో వీళ్ళు ఒక్క పెద్ద గొంతులా ఉండేవారు, ఆ గొంతుకి నేను భయపడేదాన్ని. ముందు వరసలో మేష్టారు తన పెట్టె వంకే చూస్తున్నారు, దాన్ని ఎవరైనా గీకుతారేమోనన్నట్టు. కింద, కుడిపక్కన, ఎండ సరిగ్గా మెట్ల మీద పడుతోంది. ఆయన కాళ్ళు తొక్కుతున్నాయి, గాలి నిండుతోంది. వేలు ఆరో మెట్టు మీదికి వెళ్ళింది. నొక్కలేదు. మిగతా అందరూ అది శ్రుతి ఇవ్వబోయే వేలనుకుంటారు, నాకు తెలుసు అది ఇవ్వలేక ఆగిన వేలు. ఆరు ఇస్తాడు. ఇంకేం చెయ్యగలడు, గుమ్మం దాకా వచ్చి అడిగాడు, నేను చెయ్యి ఊపాను.

ఎప్పుడూ పెట్టె ముందు, నేను తర్వాత. ఈ ఒక్క వరసా మారితే చాలు అని అప్పుడు తోచింది, అప్పుడే, తెర పక్కన, ఆలోచనగా కూడా కాదు, కాలు తడిసినట్టు. నేను కళ్ళు మూసుకుని గుడివాడ ప్లాట్‌ఫారం మీద దుప్పటి చుట్టి ఉన్న పెట్టెని గుర్తు చేసుకున్నాను. దాని ఆరో మెట్టు ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు, కనుబొమల కింద, ఏడాదిగా అక్కడే. శ్రుతి లేకుండా, తోడు లేకుండా, ఆయన వేలు పడకముందే ఎత్తుకున్నాను. తెర ఇవతల నుంచే రాగం. మామూలుగా రావలసిన చప్పట్లు రాలేదు, వాటి కోసం ఆగకుండా నేను వెలుతురులోకి నడిచాను, సాంబమూర్తిగారు నేర్పిన నడక కాదు, పులిగడ్డ గట్టు మీద అన్నం గిన్నె పట్టుకుని నడిచిన నడక. వెనక వరసల్లో ఎవరో, దిగిందిరా అన్నారు. స్పష్టంగా అన్నారు, ఆ గొంతులో కోపం కూడా లేదు. అవును నాయనా, దిగింది.

ఆదిశేషయ్యగారు పెట్టె వంక చూడటం లేదు. నా వంక చూస్తున్నాడు. వేలు ఇంకా ఆరో మెట్టు మీద గాల్లోనే ఉంది. నేను పట్టుకున్నది ఉత్త ఐదు కాదు, తెనాలిలో ఆయన పక్కన కూచుని గీకించుకొచ్చిన ఆ పెట్టె పలుకే, వెంట్రుకవాసి తేడా లేకుండా. అది ఆయన చెవికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆయన నోరు కొంచెం తెరుచుకుంది. ఏడాదిగా తెలుసా అన్నట్టు చూశాడు. తల ఊపటానికి లేదు, రాణి హేమాంగి బిడ్డని పోగొట్టుకుని గట్టు మీద నిలబడి ఉంది, అందుకని రాగాన్ని ఇంకాస్త లాగాను, ఆయన చూపు దించేదాకా లాగాను. మేష్టారు చూస్తుండగా, ఇద్దరు హార్మోనిస్టులూ మెడలు చాచి చూస్తుండగా, పట్టపగలు ఆయన వేలు ఆరో మెట్టు మీద నుంచి ఐదో మెట్టు మీదికి జరిగింది. తొందరేం లేకుండా, తువ్వాలు భుజం మీదికి సర్దుకుని మరీ జరిపాడు. పెట్టె వచ్చి నా గొంతు కింద నిలబడింది. నాయనా అన్నాను. అవతలి ఒడ్డుకి వినపడేలాగే అన్నాను.